ఓబీఎస్ స్టూడియో సమీక్ష: ఆదివారం ఆరాధన లైవ్‌కి చిన్న సంఘానికి ఇది సరిపోతుందా?

మంచం దిగలేని పెద్దలు, ఆదివారం కూడా డ్యూటీ పడే నర్సులు, కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లు. ఆరాధన లైవ్ ముందుగా వీళ్ల కోసం. లైవ్ మొదలుపెట్టాలనుకునే సంఘాలు చాలావరకు కెమెరా దగ్గర మొదలుపెడతాయి, పోగైన డబ్బంతా దానికే పోతుంది. తీరా ప్రసారం చూస్తే బొమ్మ తళతళలాడుతుంటుంది, వాక్యం మాత్రం బావిలోంచి వస్తున్నట్టు వినపడుతుంది. చూసేవాళ్ల చేతిలో ఉండేది ఫోన్. బొమ్మ కాస్త మసకైనా ఓర్చుకుంటారు. మాట తెలియకపోతే పది నిమిషాల్లో కట్టేస్తారు. అందుకే ఓబీఎస్ అనే ఈ లైవ్ సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడ ఒకే ప్రశ్నతో చూస్తున్నాం: మాటను చెదరకుండా ఆ ఫోన్ దాకా చేర్చడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ఓబీఎస్ స్టూడియో 2012 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. చందా లేదు, బొమ్మ మీద ముద్ర లేదు, ఇన్ని గంటలే అన్న పరిమితి లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. కెమెరా బొమ్మ, మిక్సర్ శబ్దం, పాట చరణాలు, వాక్య భాగం అన్నీ కలిపి యూట్యూబ్‌కో ఫేస్‌బుక్‌కో పంపుతూనే ల్యాప్‌టాప్‌లో రికార్డు కూడా చేస్తుంది. దించుకునేటప్పుడు ఓబీఎస్‌ప్రాజెక్ట్ డాట్ కామ్ అనే అధికారిక సైట్‌కే వెళ్లండి. వెతికినప్పుడు పైన కనపడే ప్రకటన లింకుల్లో నకిలీ సైట్లు వచ్చిన సందర్భాలున్నాయి, వాటిలో వైరస్ ఉంటుంది. 28వ వెర్షన్ నుంచి విండోస్ 10 తప్పనిసరి. విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్‌ని ఈ పనికి తీయకండి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. ముప్పై నలభై మంది కూడే ఇంటి కూటానికి, మైకు లేని చోట, స్టాండు మీద పెట్టిన ఫోన్ చాలు. యూట్యూబ్ యాప్ నుంచి నేరుగా లైవ్ ఇవ్వాలంటే చానల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, అంతే. మిక్సర్ నుంచి శబ్దం తీసుకోవాలన్నా, తెర మీద తెలుగు అక్షరాలు రావాలన్నా అప్పుడే ఓబీఎస్ వైపు చూడండి.

ల్యాప్‌టాప్, నెట్

కొత్త ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. నాలుగైదేళ్ల కిందటి ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్ ఉంటే పని నడుస్తుంది. ఒక్కటి మాత్రం మార్చాలి. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ కింద ఎన్‌కోడర్ (వీడియోని పంపడానికి వీలుగా కుదించే భాగం) ఎక్స్264 అని ఉంటే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. దాని బదులు క్విక్‌సింక్ ఎంచుకుంటే అదే పనిని ఇంటెల్ చిప్‌లో ఉన్న వీడియో భాగం చూసుకుంటుంది. ఎన్‌విడియా కార్డు ఉంటే ఎన్‌వెంక్ ఎంచుకోండి, ఆ పని కార్డు చూసుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద జరిగే ఆరాధనకి ఈ ఒక్క మార్పే ఆధారం. ఎండ వేడికి ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పుడు ఎక్స్264 నడవలేక బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

బొమ్మ సైజు 720పీ చాలు. బిట్‌రేట్, అంటే సెకనుకి పంపే డేటా, సీబీఆర్ (ఎప్పుడూ ఒకే వేగం), 2500 కేబీపీఎస్. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే ఫ్రేము) విరామం 2 సెకన్లు. ఆడియో 128. యూట్యూబ్ 720పీకి 4 ఎంబీపీఎస్ సూచిస్తుంది కానీ, పుల్పిట్ దగ్గర నిలబడి మాట్లాడే మనిషి బొమ్మలో కదలిక తక్కువ కాబట్టి 2500తో లోటేమీ కనపడదు. అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు, అంటే నిలకడగా 5 ఎంబీపీఎస్ ఉండాలి. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనపడే అంకె డౌన్‌లోడ్‌ది, మనకి కావలసింది దాని పక్కనుండే అప్‌లోడ్. పరీక్ష కూడా ఆదివారం ఉదయం, ఆరాధన జరిగే వేళలోనే చేయాలి. మంగళవారం మధ్యాహ్నం వచ్చిన అంకెని నమ్ముకుంటే లాభం లేదు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద లైవ్ ఇచ్చేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. వీడియో 2500, ఆడియో 128 కలిపితే గంటకి దాదాపు 1.18 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే గంటా నలభై నిమిషాలకి అయిపోతుంది. పదింటికి మొదలైన ఆరాధనలో అది పదకొండూ నలభై, సరిగ్గా ప్రసంగం నడిమధ్య. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, లైవ్ ఆగిపోతుంది. నెట్ పోయిందని అందరూ టవర్‌ని తిట్టుకుంటారు, నిజానికి అయిపోయింది ప్యాక్. హాట్‌స్పాటే గతి అయితే 480పీకి దిగి బిట్‌రేట్ 1500 పెట్టండి. గంటకి 730 ఎంబీ, రెండున్నర గంటలకి 1.8 జీబీ, ప్యాక్‌లో సరిపోతుంది. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనకి అదీ చాలదు, అదనపు డేటా ముందురోజే వేయించుకోవాలి.

బ్రాడ్‌బ్యాండ్ ఉంటే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ లాగండి. వైఫై వద్దు. ఖాళీ హాల్లో వైఫై బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రెండొందల మంది ఫోన్లు జేబుల్లో పెట్టుకుని వచ్చి కూర్చున్నాక అదే వైఫై తడబడుతుంది.

శబ్దం: అసలు పని ఇక్కడే

హాల్లో బాగున్న శబ్దం లైవ్‌లో బాగుండదు. హాల్లో డ్రమ్స్, డోలక్, సంఘం పాడే గొంతులు మైకు లేకుండానే చెవికి చేరతాయి. అందుకని మిక్సర్ దగ్గరున్న తమ్ముడు వాటిని తగ్గించి ప్రసంగం మైకు, కీబోర్డు పెంచుతాడు. హాలు స్పీకర్లకి వెళ్లే అదే మెయిన్ అవుట్‌ని లైవ్‌కి పంపితే పాటలో తాళం వినపడదు, సంఘం పాడటం వినపడదు, ఒక్క గొంతు మాత్రం ఖాళీ గదిలో పాడుతున్నట్టు వస్తుంది. అందుకే లైవ్‌కి మిక్సర్‌లో ఉండే ఇంకో అవుట్, ఆక్స్ అవుట్ వాడాలి. ప్రతి చానల్‌కీ ఉండే ఆక్స్ నాబ్‌తో లైవ్ కోసం వేరే పాళ్లు కట్టుకోవచ్చు. ప్రసంగం మైకు పూర్తిగా, పాడేవాళ్లవి దానికంటే కొంచెం తక్కువ, కీబోర్డు సగం, డోలక్ మైకు హాల్లో కంటే ఎక్కువ.

ఆక్స్‌లో రెండు రకాలుంటాయి, ప్రీ ఫేడర్, పోస్ట్ ఫేడర్. ఫేడర్ అంటే చానల్ శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట. దానికి ముందే శబ్దం తీసుకునేది ప్రీ, దాని తర్వాత తీసుకునేది పోస్ట్. లైవ్‌కి పోస్ట్ ఫేడరే మంచిది. ప్రీ అయితే హాల్లో ఫేడర్ దించినా లైవ్‌లో ఆ మైకు తెరిచే ఉంటుంది. ప్రార్థన కోసం ముందుకొచ్చిన అమ్మ పాస్టర్ గారి చెవిలో చెప్పుకున్న మాట ఊరంతా వినే ప్రమాదం ఉంది. చిన్న మిక్సర్లలో తరచుగా ఆక్స్ అని రాసి ఉన్నది ప్రీ, ఎఫ్ఎక్స్ అని రాసి ఉన్నది పోస్ట్. ఎకో, రివర్బ్ కోసం ఎఫ్ఎక్స్‌ని వాడనట్లయితే ఆ ఎఫ్ఎక్స్ అవుట్‌నే లైవ్‌కి తీసుకోవచ్చు. ముందు మిక్సర్‌తో వచ్చిన పుస్తకంలో ఏది ఏదో చూసుకోండి.

ఆక్స్ నుంచి వచ్చిన వైరుని ల్యాప్‌టాప్ పక్కనున్న 3.5 ఎంఎం రంధ్రంలో పెట్టడం చాలామంది చేసేదే. అది హెడ్‌సెట్ కోసం చేసిన రంధ్రం. దానికి సరిపోయే పిన్ మీద మైకుకి వేరే గీత ఉంటుంది, ఆ రంధ్రం ఆశించే సిగ్నల్ మైకంత బలహీనమైనది. మామూలు స్టీరియో పిన్ పెడితే అసలు గుర్తించదు, గుర్తించినా శబ్దం చిట్లిపోయి గరగరలాడుతుంది. మధ్యలో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండాల్సిందే. బెహ్రింగర్ యూసీఏ222 లాంటి చిన్న డబ్బా ఈ పనికి చాలు, ఎర్రా తెల్లా ఆర్‌సీఏ పిన్నులతో మిక్సర్ ఇచ్చే బలమైన లైన్ సిగ్నల్‌ని నేరుగా తీసుకుంటుంది. లోపలికి వచ్చే శబ్దానికి దానిలో లెవెల్ నాబ్ ఉండదు కాబట్టి మిక్సర్‌లో ఆక్స్ మాస్టర్ తగ్గించి ఇవ్వాలి. ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లేటప్పుడే శబ్దం చిట్లితే ఓబీఎస్‌లో ఫేడర్ ఎంత దించినా బాగుపడదు. చిట్లిన శబ్దమే కాస్త మెల్లగా వినపడుతుంది, అంతే.

వైరు పెట్టగానే గుర్రుమని హమ్మింగ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ లూప్, అంటే రెండు పరికరాలూ వేర్వేరు దారుల్లో ఎర్త్ కావడం వల్ల వచ్చే రొద. ల్యాప్‌టాప్, మిక్సర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే సగం సార్లు పోతుంది. పోకపోతే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి హమ్మింగ్ ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పాడేవాళ్లు చేత్తో పట్టుకునేది లోహపు మైకు, ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు ఓబీఎస్‌లోకి. సెట్టింగ్స్, ఆడియో. డెస్క్‌టాప్ ఆడియో డిసేబుల్ చేయండి. మైక్ లేదా ఆక్స్ అన్నచోట యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ పేరు ఎంచుకోండి, మిగతా గళ్లన్నీ డిసేబుల్. ఇది చేయకపోతే ల్యాప్‌టాప్ సొంత మైకు కూడా తెరిచి ఉంటుంది, ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. శబ్దాన్ని ఇక్కడే పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. ఓబీఎస్‌లో సీన్ అంటే తెర మీద ఒకసారి కనపడే అమరిక, సోర్స్ అంటే అందులో చేర్చే బొమ్మ, శబ్దం, అక్షరాల్లాంటివి. శబ్దాన్ని ఒక సీన్‌లో సోర్స్‌గా చేరిస్తే ఆ సీన్ ఉన్నంతసేపే వినపడుతుంది. ప్రసంగం నుంచి పాట సీన్‌కి మారగానే లైవ్ మూగబోతుంది. సెట్టింగ్స్‌లో పెట్టినది ఏ సీన్‌లోనైనా వస్తుంది.

ఆక్స్ ఒకే వైరు కాబట్టి శబ్దం ఎడమ వైపే వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మోనో అన్న గడిలో టిక్ పెట్టండి. టిక్ లేకపోతే ఫోన్ స్పీకర్‌లో తేడా తెలియదు, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకి ఒక చెవిలోనే వాక్యం వినపడుతుంది.

ఓబీఎస్ శబ్దం మీటరులో ప్రసంగం పసుపు రంగు భాగంలో, అంటే మైనస్ 20కీ మైనస్ 9 డెసిబెల్స్‌కీ మధ్య ఆడాలి. పాస్టర్ గారు గొంతు పెంచినప్పుడు ఎరుపు తాకినా ఫరవాలేదు, సున్నాని మాత్రం తాకకూడదు. దీనికి రెండు ఫిల్టర్లు ఉన్నాయి. ముందు కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని తగ్గించేది): నిష్పత్తి 3కి 1, త్రెషోల్డ్ (తగ్గించడం మొదలయ్యే హద్దు) మైనస్ 20. దాని కింద లిమిటర్ (శబ్దాన్ని హద్దు దాటనివ్వనిది): మైనస్ 3. ఫిల్టర్లు పైనుంచి కిందికి పనిచేస్తాయి కాబట్టి లిమిటర్ చివరే ఉండాలి. మెల్లగా చదివే వాక్య భాగానికీ, ఉద్రేకంగా సాగే ప్రసంగం ముగింపుకీ మధ్య తేడా మన సంఘాల్లో చాలా ఎక్కువ. ఈ రెండూ లేకపోతే వినేవాళ్లు వాల్యూమ్ మీద వేలు పెట్టుకునే కూర్చోవాలి.

నాయిస్ సప్రెషన్ అనే ఫిల్టర్ చూడగానే పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. అందులో ఆర్‌ఎన్‌నాయిస్ పద్ధతి మనిషి మాటని ఉంచి మిగతాది తీసేయడానికి నేర్చుకున్నది. దాని లెక్కలో కీబోర్డు ప్యాడ్ సౌండ్, తబలా మోత, వేణువు అన్నీ రొదే. ప్రసంగంలో ఫ్యాన్ శబ్దం పోయి హాయిగా ఉంటుంది, పాట మొదలవగానే సంగీతం మునుగుతూ తేలుతూ వస్తుంది. లైవ్‌లో పాటలు పాడైపోయాయని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. ఫ్యాన్ రొద తగ్గాలంటే మైకు నోటికి దగ్గరగా పెట్టడమే మందు.

సంఘం గొంతు కోసం హాలు మధ్యలో ఒక మైకు కట్టి, దాన్ని హాలు స్పీకర్లకి పంపకుండా ఆక్స్‌కి మాత్రమే, చాలా తక్కువగా పంపండి. పోస్ట్ ఫేడర్ ఆక్స్ అయితే ఆ చానల్ ఫేడర్ పైకి ఉండాలి కాబట్టి, దాన్ని మెయిన్ నుంచి తప్పించే మీట మిక్సర్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాళ్లకి నలుగురి ఆమేన్ వినపడటం పెద్ద ఆదరణ. ఈ ఒక్క మైకు, ఖరీదైన కెమెరా కంటే ఎక్కువ చేస్తుంది.

లైవ్‌లో తరచుగా కనపడే ఇంకో లోపం: పెదవులు ముందు, మాట వెనక, లేదా మాట ముందు, పెదవులు వెనక. కెమెరాని ల్యాప్‌టాప్‌కి కలిపే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు ద్వారా వచ్చే బొమ్మ సాధారణంగా ఆలస్యంగా వస్తుంది. సరిచేయడానికి ఒకరిని మైకు దగ్గర నిలబెట్టి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టించి రికార్డు చేయండి. ఆ ముక్కని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ చూడండి. చప్పుడు వినపడ్డాక ఎన్ని ఫ్రేములకి చేతులు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. సెకనుకి 25 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములైతే 120. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో సింక్ ఆఫ్‌సెట్ దగ్గర 120 వేయండి. మళ్లీ చప్పట్లు, మళ్లీ చూడటం. కెమెరా మారిస్తే ఈ పని మొదటి నుంచి చేయాలి.

తెలుగు అక్షరాలు

ఇక్కడ ఓబీఎస్‌కి సగం మార్కులే. విండోస్‌లో టెక్స్ట్ సోర్స్ జీడీఐ ప్లస్ అనే రకం, అందులో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. మ్యాక్‌లో, లినక్స్‌లో వచ్చే ఫ్రీటైప్ 2 రకం తెలుగుని పేర్చలేదు. క్రీస్తు అని రాస్తే క వేరుగా, రావత్తు వేరుగా విడిపోతాయి. ప్రభువు పేరే తెర మీద ముక్కలై కనపడుతుంది. ఆ సిస్టమ్‌లు వాడేవాళ్లు అక్షరాలని బ్రౌజర్ సోర్స్ (వెబ్ పేజీని తెర మీదికి తెచ్చేది) ద్వారా తెచ్చుకోవాలి, అందులో తెలుగు చక్కగా వస్తుంది.

సంఘాల పాటల పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టినవి. వాటిలోంచి కాపీ చేసి ఓబీఎస్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది ఓబీఎస్ లోపం కాదు. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగల పద్ధతి) కావు. ముందు యూనికోడ్‌కి మార్చుకోవాలి, మార్చాక ప్రతి చరణం ఒకరు కూర్చుని చదవాలి, ముఖ్యంగా వత్తులున్న చోట. ఒకసారి ఓపికగా చేస్తే ఆ పాటలు వాట్సాప్‌కీ, ప్రొజెక్టర్‌కీ, కొత్త పుస్తకానికీ కూడా పనికొస్తాయి.

ఫాంట్ల విషయానికొస్తే మండలి, రామభద్ర, నోటో శాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. చిన్న తెర మీద చదవడానికి మండలి, నోటో హాయిగా ఉంటాయి. రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికలకి బాగుంటుంది. అక్షరాల చుట్టూ మందపాటి గీత పెట్టకండి, ఒత్తుల మధ్య ఖాళీ పూడిపోయి స్త్ర, ష్ట్ర ఏదో తెలియదు. దాని బదులు అక్షరాల వెనక నల్లటి పట్టీ, 70 శాతం గాఢతతో. ఒకసారికి రెండే పంక్తులు. కింది పంక్తిని తెర అంచుకి ఆనించకండి, వత్తు కింద తెగిపోతుంది.

పాటల జాబితా, బైబిలు వెతుకులాట, ప్రొజెక్టర్ నియంత్రణ ఓబీఎస్ పని కాదు. ఓపెన్ఎల్‌పీ, ఫ్రీషో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుకోసమే ఉన్నాయి. వాటి కిటికీని ఓబీఎస్‌లోకి విండో క్యాప్చర్‌తో తెచ్చుకోండి. తెర మొత్తాన్ని పట్టే డిస్‌ప్లే క్యాప్చర్ వాడితే ల్యాప్‌టాప్ తెర మీద వచ్చే ప్రతి సందేశం లైవ్‌లో పడుతుంది.

కెమెరా గురించి రెండే మాటలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి వెబ్‌క్యామ్ సెట్టింగ్స్‌లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 50, మంచి కెమెరా అయితే షట్టర్ సెకనులో 50వ వంతు, ఓబీఎస్‌లో వేగం సెకనుకి 25 ఫ్రేములు. లేకపోతే ట్యూబ్‌లైట్ల కింద తెర మీద పట్టీలు పాకుతాయి. పాస్టర్ గారి వెనక కిటికీ ఉంటే పరదా వేయండి.

ఆగిపోతే ఎక్కడ చూడాలి

ఓబీఎస్‌లో ఎక్కువ మెచ్చుకోవలసింది ఇది. వ్యూ మెనూలో స్టాట్స్ తెరిస్తే అందులో మూడు అంకెలు ముఖ్యం. రెండరింగ్ ల్యాగ్ పెరుగుతుంటే గ్రాఫిక్స్ మీద భారం, సోర్సులు తగ్గించండి. ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే ప్రాసెసర్ మీద, లేదా వేడి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే నెట్. ఈ మూడూ తెలిస్తే లైవ్ ఆగినప్పుడు చేతికందిన ప్రతి వైరూ పీకాల్సిన పనిలేదు. నెట్ ఊగిసలాడే ఊళ్లలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బిట్‌రేట్‌ని రద్దీని బట్టి మార్చుకునే ఎంపికకి టిక్ పెట్టండి. బొమ్మ మసకబారుతుంది, మాట తెగదు.

కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. రౌటర్‌కి, నెట్ డబ్బాకి, మిక్సర్‌కి లేదు. ఇన్వర్టర్ ఉన్నా మారేటప్పుడు పట్టే ఆ క్షణంలో రౌటర్ ఆరి వెలిగితే మళ్లీ నెట్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు. ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేదా రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనండి. ఓబీఎస్ తనంతట తాను మళ్లీ కలుస్తుంది. అయితే యూట్యూబ్ లైవ్ కంట్రోల్ రూమ్‌లో ఆటో స్టాప్ ఆన్‌లో ఉంటే, సిగ్నల్ ఆగగానే యూట్యూబ్ ప్రసారాన్ని ముగించేస్తుంది. అందరికీ పంపిన లింకు అక్కడితో చచ్చిపోతుంది. ఆటో స్టాప్ ఆఫ్ చేయండి. రికార్డింగ్‌ని ఎంకేవీ ఫార్మాట్‌లో పెట్టండి. మామూలు ఎంపీ4 మధ్యలో ఆగితే ఫైలు మొత్తం పోతుంది, ఎంకేవీ అయితే అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ నొక్కితే ఎంపీ4 అవుతుంది.

యూట్యూబ్‌లో ముందే చేయాల్సినవి

కొత్త చానల్‌లో లైవ్ అనుమతి రావడానికి ఫోన్ నంబరు ధ్రువీకరించాక 24 గంటల దాకా పడుతుంది. శనివారం రాత్రి గుర్తొస్తే ఆదివారానికి అందదు. ప్రసారాన్ని ముందే షెడ్యూల్ చేసి లింకు శనివారమే పంపండి. పక్కన ఏ ఊరికి ఎన్ని గంటలో రాయండి. మన పది గంటలు కువైట్‌లో ఏడున్నర, దుబాయ్‌లో ఎనిమిదిన్నర, అమెరికా తూర్పు తీరంలో శనివారం అర్ధరాత్రి వేళ. కువైట్‌లో ఆదివారం పనిరోజు. అక్కడివాళ్లు వినేది ఎక్కువగా రికార్డింగే, కాబట్టి ఆరాధన అయిపోగానే లైవ్ పని అయిపోయినట్టు కాదు. మొదట్లో ఖాళీ కుర్చీలు కనపడే పది నిమిషాలు యూట్యూబ్ స్టూడియోలో కత్తిరించండి. వివరణలో సమయాలు రాయండి: 0:00 నుంచి మొదలై కనీసం మూడు ఉంటే అధ్యాయాలుగా విడిపోతుంది. పిల్లల కోసం చేసిన వీడియో అన్న ప్రశ్నకి కాదు అని పెట్టండి, అవును అంటే లైవ్ చాట్ పోతుంది.

ట్రాక్ మీద పాడితే, లేదా కానుకల సమయంలో ఏదైనా ఆల్బమ్ పాట వేస్తే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో నిజమైన మతపరమైన ఆచారంలో పాడటానికి మినహాయింపు ఉంది. కానీ యూట్యూబ్ గుర్తింపు యంత్రం ఆ మినహాయింపుని చూడదు, శబ్దం కలిసిందా లేదా అన్నదే చూస్తుంది. మన వాద్యాలతో మనం పాడుకునే పాత కీర్తనలకి ఈ బెడద తక్కువ.

కెమెరా సంఘం వైపు తిప్పకండి. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లు, ఉద్యోగం దగ్గర ఇబ్బంది ఉన్నవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. పిల్లల కార్యక్రమానికి తల్లిదండ్రుల అనుమతి అడగండి. సాక్ష్యం చెప్పేవాళ్లని, ఇది లైవ్‌లో వెళ్తోంది, ఉంచమంటారా అని ముందే అడగండి. రోగాల పేర్లు, కుటుంబ గొడవలు ప్రార్థన మనవుల్లో వచ్చే సమయానికి ఓబీఎస్‌లో ఒక నిశ్చల చిత్రం సీన్ సిద్ధంగా పెట్టుకుని, మైకు మ్యూట్ చేసి దానికి మారండి. ప్రభువు బల్ల సమయంలో కూడా అదే సీన్ వాడుకోవచ్చు.

కానుకల క్యూఆర్ కోడ్ పాస్టర్ గారి సొంత నంబరుది కాకుండా సంఘం లేదా ట్రస్టు ఖాతాది పెట్టండి. విదేశాల్లో చూసేవాళ్లున్నారు కాబట్టి ఒక హెచ్చరిక: ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ పౌరుల నుంచి కానుక తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది దానికిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు పంపేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, వస్తుంది. ఆ మాట తెర మీద ఒక పంక్తిలో రాస్తే అందరికీ మేలు.

ఊరి పెద్దవాళ్లలో వీడియో చూసే ఓపిక, డేటా లేనివాళ్లకి ప్రసంగం ఒక్కటే ఆడియోగా పంపండి. ఓబీఎస్ రికార్డింగ్ నుంచి తీసి మోనో, 32 కేబీపీఎస్ చేస్తే నలభై నిమిషాల ప్రసంగం 10 ఎంబీ లోపే. మాటకి ఆ నాణ్యత చాలు. దాన్ని వాట్సాప్ గ్రూపులో కాకుండా వాట్సాప్ చానల్‌లో పెట్టగలిగితే ఆడవాళ్ల నంబర్లు తెలియనివాళ్లకి కనపడవు, శుభోదయం బొమ్మల కింద ప్రసంగం పూడిపోదు.

తీర్పు

కొనగల స్తోమత ఉన్న పెద్ద సంఘాలు, మూడు నాలుగు కెమెరాలున్నవాళ్లు బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ ప్రో లాంటి పరికరానికి వెళ్లడం సబబే. దాంట్లో బటన్ నొక్కితే కెమెరా మారుతుంది, ఈథర్నెట్ ద్వారా నేరుగా యూట్యూబ్‌కి పంపుతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కే గొడవ లేదు. తెలుగు చరణాలకి మాత్రం దానికీ పక్కన ఒక కంప్యూటర్ కావాలి. ఒకటి రెండు కెమెరాల సంఘానికి ఓబీఎస్‌ని మించింది కనపడదు. ఖర్చు పెట్టగలిగితే ఈ వరుసలో పెట్టండి: ఆడియో ఇంటర్‌ఫేస్, నెట్ కేబుల్, రౌటర్ యూపీఎస్, హాలు మైకు, అన్నిటికంటే చివర కెమెరా. ఐదులో ఉచిత సాఫ్ట్‌వేర్‌కి నాలుగు ఇస్తున్నాం. తగ్గిన ఒకటి మ్యాక్, లినక్స్‌లో తెలుగు అక్షరాలకి, కొత్తవాళ్లని బెదరగొట్టే సెట్టింగ్స్‌కి.

నేర్పేటప్పుడు ఇద్దరికి నేర్పండి, ఒకరికి పరీక్షలొచ్చినా పెళ్లి కుదిరినా పని ఆగదు. అంతా కుదిరాక సీన్ కలెక్షన్, ప్రొఫైల్ మెనూల్లో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచండి. ల్యాప్‌టాప్ చెడితే ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పావుగంటలో అంతా మళ్లీ నిలబడుతుంది. ప్రొఫైల్ ఫైళ్లలో యూట్యూబ్ స్ట్రీమ్ కీ కూడా ఉంటుంది, అది చేతికొస్తే ఎవరైనా మీ చానల్‌లో లైవ్ ఇవ్వగలరు. ఆ పెన్‌డ్రైవ్‌ని పాటలు ఎక్కించుకోవడానికి ఎవరికీ ఇవ్వకండి. పోయిందనుకుంటే వెంటనే లైవ్ కంట్రోల్ రూమ్‌లో కీ రీసెట్ చేయండి.